మా రోజుల్లో మెట్టు ఛాసిస్‌కే బిగించేవాళ్లం

కొత్తగా ఫోర్ బై ఫోర్ కొన్న కుర్రాళ్లు నా షెడ్డుకి వచ్చి అడిగేది ఒకటే మాట. "మేస్త్రి గారూ, పక్కన ఏ స్టెప్పు వేయిస్తే బండికి లుక్కొస్తుంది?" లుక్కు గురించి అడుగుతారు గానీ, అది దేనికి బిగుస్తుంది, ఎంత బరువు ఆపుతుంది, కింద రాయి తగిలితే ఏమవుతుంది అని అడిగేవాళ్లు బాగా తక్కువ. ఫోను తీసి ఫొటోలు చూపిస్తారు. అన్నీ పక్కనుంచి తీసినవే. బండి కిందికి దూరి, బ్రాకెట్ ఎక్కడ కూర్చుందో చూపించే ఫొటో ఒక్కటీ ఉండదు. పైపు ఎంత మెరిసినా దాన్ని పట్టుకునేది ఆ బ్రాకెట్టే. డబ్బు పెడితే దాని మీద పెట్టాలి.

మా రోజుల్లో ఈ గొడవే లేదు. నర్సీపట్నం నుంచి చింతపల్లి మీదుగా సీలేరు దాకా, ఇటు పాడేరు, అరకు దాకా తిరిగిన సర్వీసు జీపుల్లో చాలావాటికి పక్క మెట్లు మా వీధిలోనే తయారయ్యేవి. సంత రోజున జీపు లోపల ఎంతమంది కూర్చునేవారో బయట అంతమంది వేలాడేవారు. వెనక ఫుట్‌బోర్డు మీద కొందరు, పక్క మెట్ల మీద కొందరు, టాపు మీద సరుకు, సరుకు మీద మళ్లీ మనుషులు. అది తప్పే. ఘాట్లో పట్టు జారి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఆ వేలాడ్డం తగ్గినందుకు నాకు సంతోషమే. కానీ ఆ రోజుల్లో మెట్టంటే నలుగురు నిలబడేది. నలుగురంటే రెండున్నర క్వింటాళ్ల పైమాటే. బండి గుంటలో పడి లేచినప్పుడల్లా ఆ బరువు ఇంకా ఎక్కువై మెట్టు మీద పడేది. అలాంటిదాన్ని బాడీ రేకుకి బిగిద్దామన్న ఆలోచన మాలో ఎవరికీ వచ్చేది కాదు. ఛానల్ ముక్కలు కోసి కాళ్లు చేసేవాళ్లం, పొడవునా యాంగిల్ వేసేవాళ్లం, పైన చెకర్ ప్లేటు పరిచేవాళ్లం. కాళ్లు మాత్రం తిన్నగా వెళ్లి ఛాసిస్‌కే ఆనాలి. మనుషుల్ని మోయడానికి చేసిన ఆ ఇనుమే, దారిలో రాయి లేస్తే బండిని కూడా కాచేది.

ఈ ఏజెన్సీ కొండ దారుల్లో రాయి ఎలా లేస్తుందో తిరిగినవాళ్లకి తెలుసు. ఎర్రమట్టి దారి. వేసవిలో చూస్తే సాఫుగా ఉంటుంది. రెండు గట్టి వానలు పడ్డాయంటే మట్టి కొట్టుకుపోయి, లోపల పాతుకుపోయిన బండరాళ్ల తలలు బయటికొస్తాయి. చక్రాల జాడ లోతవుతూ పోతుంది, జాడల మధ్య వీపు ఎత్తవుతూ పోతుంది. నిన్న దాటిన చోటే ఇవాళ బండి పొట్ట ఆనుతుంది.

పాత జీపుకి ఇంకో సుఖం ఉండేది. దాని చక్రాల మధ్య దూరం తక్కువ. మహీంద్రా వాళ్లు 1947 నుంచి మన దేశంలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. ఆ వంశంలో సీజే త్రీబీ ఉందే, దాని ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 80 అంగుళాలు, అంటే 2032 మిల్లీమీటర్లు. ముందు చక్రాలు దిబ్బ దాటగానే వెనక చక్రాలు ఎక్కేసేవి, మధ్యలో పొట్ట ఆనడానికి వ్యవధే ఉండేది కాదు. ఇప్పటి మూడు తలుపుల థార్‌కి ఆ దూరం 2450. 2024లో వచ్చిన అయిదు తలుపుల రాక్స్‌కి 2850. దిబ్బ దాటే కోణం థార్‌కి 27 డిగ్రీలని కంపెనీయే చెబుతుంది, రాక్స్‌కి 23.9. పేరు థారే, దారి అదే, కానీ పొడుగు బండి ముందుగా నేలకి తగులుతుంది. అందుకే తలుపుల కింద రాయి నుంచి కాచే పైపు, అంటే స్లైడర్, పెట్టుకోవాలన్న ఆలోచన ఈ రోజుల్లో రావడం సబబే. దాన్ని నేను కాదనను. ఆ పేరుతో బజార్లో ఏది అమ్ముతున్నారన్నదే నా బాధ.

తలుపు కింద రేకు సంగతి కూడా చెప్పాలి. పాత జీపుకి అక్కడ ఉన్నది ఒక్క మందపాటి రేకు, చాలావాటికి తలుపే ఉండేది కాదు, గుడ్డ కట్టేవాళ్లం. సొట్ట పడితే టింకరింగ్ మేస్త్రి లోపల దిమ్మ ఆనించి బయట నాలుగు దెబ్బలేస్తే తిన్నగా వచ్చేది. ఇప్పటి బళ్లకి తలుపు కింద రెండు మూడు పొరల రేకులు కలిపి డబ్బాలా మూసి వెల్డింగ్ చేస్తారు. తలుపుల మధ్య నిలువు స్తంభం ఆ డబ్బా మీదే నిలబడుతుంది. డబ్బా ఒక్క వేలెడు లోపలికి పోయిందంటే తలుపు సందులు మారిపోతాయి, రబ్బరు కూర్చోదు, వానకి నీళ్లు కారతాయి. లోపలికి చెయ్యి దూరదు కాబట్టి సుత్తి పనికిరాదు. కోసి, కొత్తది అతికి, మళ్లీ రంగు వేయాలి. స్లైడర్ కాపాడాల్సింది ఆ డబ్బానే.

ఈ సంగతంతా ఎత్తడానికి కారణం, పోయిన వానాకాలంలో షెడ్డుకి వచ్చిన ఒక బండి. పాడేరు అవతల కొండదారిలో ఎడమ పక్క రాయి మీద కూర్చుందట. మెరిసే స్టీలు పైపు స్టెప్పు పైకి మడతపడి తలుపు అంచుకి అడ్డం పడింది. ఎడమ తలుపులు రెండూ తెరుచుకోలేదు. ఒక ముసలావిడ డ్రైవరు సీటు మీదుగా పాక్కుంటూ బయటికి రావలసి వచ్చిందని చెప్పారు. నేను కిందికి దూరి టార్చి వేసి చూశాను. ఆ పక్కన ఉన్నవి మూడు బ్రాకెట్లు, పలచని రేకు మడిచి చేసినవి. ఒక్కోదానికి పదమూడో నంబరు స్పానర్ పట్టే బోల్టులు రెండేసి. అవి బిగిసింది ఛాసిస్‌కి కాదు, తలుపు కింద డబ్బా రేకులో కంపెనీ అతికించిన నట్టులకి. మధ్య బ్రాకెట్ దగ్గర నట్టు, దాని చుట్టూ ఉన్న రేకుతో సహా, నూనె డబ్బా మూత చింపినట్టు ఊడి బయటికొచ్చింది. ఆ కంతలో బురద దూరి ఉంది. స్టెప్పు లేకపోయుంటే అక్కడ ఒక సొట్ట పడి ఊరుకునేది. స్టెప్పు ఉండబట్టి అది మీటలా పనిచేసి రేకునే చీల్చింది. పదిహేను వేలు పోసి కొనుక్కున్న వస్తువు బండికి కీడు చేసింది. అమ్మినవాడు దాన్ని ఆఫ్‌రోడ్ స్టెప్పు అని చెప్పి అమ్మాడట.

ఎక్కడానికి మెట్టు కావాలంటే అది వేరు సంగతి. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఉంటుంది, చిన్నపిల్లలుంటారు, చీర కట్టుకుని అంత ఎత్తు ఎక్కలేరు. వాళ్ల కోసం వెడల్పాటి మెట్టు వేయించుకోవాలి, జారకుండా పైన గరుకు ఉండాలి, కాలికి అందేంత కిందికి ఉండాలి. నేను అలాంటివి మనసారా బిగించి పంపుతాను. కానీ కాలికి అందేంత కిందికి వేలాడేది రాయికి కూడా ముందే అందుతుంది. స్లైడర్ దానికి పూర్తిగా ఎదురు, తలుపు కిందికి ఎంత ఎగదోసి బిగిస్తే అంత మంచిది. ఒకే వస్తువు రెండు పనులూ పూర్తిగా చేయలేదు. ఇక తలుపు తీస్తే మోటారుతో కిందికి దిగే స్టెప్పులు వచ్చాయి. నగరంలో తారు రోడ్ల మీద సరే. ఏజెన్సీ బురదలో ఆ మడత కీళ్లలోకి మట్టి ఎక్కితే దిగింది దిగినట్టే ఉండిపోతుంది, లేదా అసలు దిగదు. రోజంతా హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు మీద తిరిగేవాడికి స్లైడర్ అక్కర్లేదని నేనే చెప్పి పంపేస్తాను.

రాక్ స్లైడర్ ఎక్కువగా కనబడేది అమెరికాలో, యూటాలోని మోయబ్, కాలిఫోర్నియాలోని రూబికాన్ ట్రెయిల్ లాంటి రాతి దారుల మీద తిరిగేవాళ్ల దగ్గర. జీప్ రాంగ్లర్‌లో రూబికాన్ అన్న రకానికి కంపెనీయే తలుపుల కింద ఉక్కు పట్టాలు బిగించి పంపుతుంది. అక్కడ దారంతా రాయే. బండి బరువు మొత్తం పక్క పట్టా మీద మోపి, రాతి మీద జార్చుకుంటూ దింపుతారు. మన దగ్గర మట్టిలో అక్కడక్కడ రాయి, పక్కన చెట్టు మొదలు, ఏటి గట్టు. కాబట్టి వాళ్లంత బరువు ఇనుము మనకి అక్కర్లేదు. సూత్రం మాత్రం అదే. బండి సగం బరువు ఒక పక్క పైపు మీద పడినా అది తలుపుకి తగలకూడదు.

పైపు విషయంలో ఇప్పుడు మోసం ఎక్కువైంది. మెరిసే స్టెయిన్‌లెస్ పైపు చూపిస్తారు, చేత్తో ఎత్తితే తేలిగ్గా లేస్తుంది. చివర ఉన్న ప్లాస్టిక్ టోపీ పీకి చూడండి, గోడ ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. అల్యూమినియం అంటారు. ఒకే కొలత ముక్కల్ని పోల్చితే వంగకుండా నిలిచే బిగువు అల్యూమినియానికి ఉక్కులో మూడో వంతే. దాన్ని సరిపెట్టాలంటే చాలా మందం వేయాలి, అమ్మే సరుకులో ఆ మందం ఉండదు. స్లైడర్‌కి నేను వాడేది మామూలు ఇనప పైపే, కానీ సి క్లాసు, అంటే గోడ మందంగా ఉండే రకం. నలభై ఎన్‌బీ సి క్లాసు పైపు బయటి కొలత 48.3 మిల్లీమీటర్లు, గోడ నాలుగు మిల్లీమీటర్లు, మీటరు పొడవు సుమారు 4.4 కిలోలు తూగుతుంది. ఒక పక్కకి రెండు వరసల పైపు, మూడు మీటర్లంటే పదమూడు కిలోలు. కాళ్లు, ప్లేట్లు, బోల్టులు కలిపితే ఇరవై దాటుతుంది. రెండు పక్కలా కలిపి నలభై కిలోలకి పైనే. అందుకే పది కిలోల జత తెచ్చి ఇది స్లైడర్ అంటే నేను తూకం చూసే వద్దంటాను. అతుకు లేని సీమ్‌లెస్ పైపు దొరికితే ఇంకా మేలు. అతుకున్న పైపే వేస్తే వంచేటప్పుడు అతుకు గీత వంపు బయటి అంచుకీ లోపలి అంచుకీ రాకుండా పక్కకి ఉంచాలి. ఆ చూపు ఉన్నవాడే పైపు మేస్త్రి.

బయటి పైపు పడుకున్నట్టు కాకుండా పది నుంచి ఇరవై డిగ్రీలు పైకి లేచి ఉండాలి. వెనక చక్రం ముందు కాస్త బయటికి తోసుకొచ్చినట్టు వంచితే, ఇరుకు మలుపులో చెట్టు మొదలు తగిలినా పైపు దాన్ని ఆనుకుని బండిని పక్కకి తిప్పేస్తుంది, వెనక రేకు బతుకుతుంది.

బిగించే పని దగ్గర నాకు కోపం ఆగదు. లారీ బాడీలు కట్టే మేస్త్రులు ఛాసిస్‌ని ఎంత జాగ్రత్తగా చూసేవారో చూసి నేర్చుకున్నాను నేను. విజయవాడ ఆటోనగర్లో బాడీ కట్టేచోట పెద్ద మేస్త్రి ఛాసిస్ మీద డ్రిల్లు పెట్టనిచ్చేవాడు కాదు. దిమ్మలు పరిచి యూ బోల్టులతో పట్టించేవాడు. కారణం సులువే. ఛాసిస్ వంగేటప్పుడు లాగుడంతా దాని పై అంచుకీ కింది అంచుకీ వస్తుంది, మధ్య గోడలో తక్కువ. అంచులో బెజ్జం పెడితే చీలిక అక్కణ్ణుంచే మొదలవుతుంది. తప్పనిసరై బెజ్జం పెట్టాల్సి వస్తే గోడ నడుమ పెట్టాలి. ఈమధ్య షాపుల్లో కుర్రాళ్లు సందు ఎక్కడ దొరికితే అక్కడ డ్రిల్లు దింపేస్తున్నారు. డబ్బాలాంటి మూసిన ఛాసిస్‌కి ఆరపార బోల్టు వేసేటప్పుడు లోపల గొట్టం ముక్క పెట్టకపోతే, బిగించిన కొద్దీ రెండు గోడలూ లోపలికి నొక్కుకుపోతాయి. తర్వాత బోల్టు ఎంత తిప్పినా వదులే. బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అంకె ఉందో లేదో కూడా చూడరు. అంకె లేని బోల్టు నా షెడ్డులో ఈ పనికి వాడనివ్వను.

వెల్డింగ్ చేసేచోట కూడా అంతే. మా వీధిలోనే కొందరు ఛాసిస్‌కి నిలువునా గీత గీసినట్టు వెల్డింగ్ పెట్టేవారు, ఏడాది తిరక్కుండానే ఆ గీత పక్కన పగులొచ్చేది. తెలిసినవాళ్లు ముందు ఛాసిస్ మీద ప్లేటు అతికి, ఆ ప్లేటు మూలలు గుండ్రంగా కోసి, కాలిని ప్లేటుకి అతికేవారు. ఇప్పటి బళ్లలో కంప్యూటర్లు, ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి కాబట్టి వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, ఎర్తు క్లాంపు అతికేచోటుకి దగ్గరగా పట్టించాలి. ఛాసిస్ లోపలి వైపు బ్రేకు పైపు, డీజిలు పైపు, వైర్ల కట్ట పోతుంటాయి. వాటిని పక్కకి తప్పించకుండా మంట పెట్టేవాణ్ణి దగ్గరికి రానివ్వకండి.

ఈ రోజుల్లో మెరుగైన సంగతీ ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. మంచి చోట చేసిన బోల్టు స్లైడర్లు మా వెల్డింగ్ మెట్ల కంటే మేలు. లేజరుతో కోసిన ప్లేటు కంపెనీ ఛాసిస్‌లో వదిలిన బెజ్జాలకే తిన్నగా కూర్చుంటుంది, కొత్త బెజ్జం అక్కర్లేదు. సీఓటూ వెల్డింగ్ నిలకడగా వస్తుంది. పక్కకి నాలుగు కాళ్లుంటాయి, వంకర పోతే విప్పి మార్చుకోవచ్చు. అలాంటి జత తెచ్చినవాణ్ణి చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. ఇంత మంచి పనిముట్లు వచ్చాక కూడా సగం బజారు రేకు బ్రాకెట్లతో నిండిపోయిందనే నా ఏడుపు. మోనోకాక్ బళ్లకి, అంటే అడుగున విడిగా ఛాసిస్ లేని బళ్లకి, తలుపు కింద డబ్బానే ఛాసిస్. వాటికి స్లైడర్ అని తగిలించేది దేన్ని పట్టుకుంటుంది? ఆ బండిని రాళ్ల మీదికి తీసుకెళ్లకపోవడమే దానికి కాపు.

చట్టం మాట కూడా. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ ముందు బిగించే బుల్‌బార్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదంది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. కాబట్టి పైపు బండి వెడల్పు దాటి బయటికి పొడుచుకు రాకూడదు. నడిచేవాడి కాలికి, మోటారు సైకిలు వాడి మోకాలికి తగిలేలా అంచులు వదలకూడదు. కంపెనీ నుంచి వచ్చిన సామాను ఉంటే అదే ముందు అడగాలి, లేకపోతే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కుని దిగాలి.

మా రోజులతో పాటు ఇంకొకటి కూడా పోయింది. మా జీపులకి క్లీనరుండేవాడు. రాళ్లచోట దూకి ముందుకి పోయి, వెనక్కి నడుస్తూ, చేతులతో ఎడమ, కుడి, ఆగు అని చూపించేవాడు. మన బండిలో డ్రైవరు కుడి పక్క కూర్చుంటాడు, ఎడమ తలుపు కింద ఏముందో వాడికి కనబడదు. అందుకే ఏ బండి స్లైడర్ చూసినా ఎడమదే ముందు అరుగుతుంది. ఇప్పుడు నలుగురు స్నేహితులు బండిలో ఉంటారు, ఒక్కడూ దిగడు. ఏసీ వేసుకుని, అద్దాలు ఎక్కించుకుని, పాట పెట్టుకుని రాయి మీదికి ఎక్కిస్తారు. రాయి గీసిన చప్పుడు కూడా వాళ్ల చెవిన పడదు. దిగి ఒకడు ముందు నడిస్తే చాలు, సగం దెబ్బలు తప్పుతాయి.

నా షెడ్డులో బిగించాక బండి ఇచ్చేముందు ఒక పని చేస్తాను. చదును నేల మీద ఆపి, చక్రాలకి అడ్డు రాళ్లు పెట్టి, పైపుకీ తలుపు కింది రేకుకీ మధ్య సందు వేళ్లతో చూస్తాను. బాడీ రబ్బరు దిమ్మల మీద కదులుతుంది కాబట్టి అక్కడ రెండు వేళ్ల సందు ఉండి తీరాలి. తర్వాత జాకీ ఆ పైపు నడుమకే పెట్టి ఎత్తుతాను. టైరు తేలికై నేల వదిలేదాకా ఎత్తి, మళ్లీ అదే చోట వేళ్లు పెట్టి చూస్తాను, బండి యజమాని చేత కూడా పెట్టిస్తాను. రెండు వేళ్లు అలాగే పట్టాలి. పట్టకపోతే విప్పేసి మళ్లీ మొదలుపెట్టిస్తాను, దానికి డబ్బు తీసుకోను. అయిదువందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్లీ బిగించడానికి రమ్మంటాను, రాతికి గీసుకుని రంగు పోయినచోట రెడ్ ఆక్సైడు పూయడానికి రమ్మంటాను, పైపు కింద వదిలిన చిన్న బెజ్జంలో మట్టి చేరి నీరు నిలిచిందేమో చూడడానికి రమ్మంటాను. విశాఖ ఉప్పు గాలి తగిలే బళ్లు మరీ రావాలి. పాత సర్వీసు జీపు వాళ్లు సంత మర్నాడు పిలవకుండానే వచ్చేవారు. ఈ కుర్రాళ్లలో రెండోసారి వచ్చేవాళ్లు తక్కువ. వచ్చినవాళ్ల దగ్గర మాత్రం స్పానర్ వాళ్ల చేతికే ఇచ్చి, వాళ్లనే కిందికి దూరమంటాను.